అసకుసా (టోక్యో) చూడబోయేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఇచ్చిన ధరలు, వేళలు మారుతూ ఉంటాయి. బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి.

అసకుసా అంటే ఏమిటి? సెన్సోజి గుడి ఒక్కటేనా?

టోక్యోలో సుమిదా నదికి పడమటి గట్టున, తైతో వార్డులో ఉన్న పాత పేట అసకుసా. సెన్సోజి బౌద్ధ ఆలయం దీనికి గుండెకాయ. టోక్యోలో అన్నిటికంటే పాత గుడి అదే. స్థలపురాణం ఇలా ఉంది: క్రీ.శ. 628లో హినొకుమా అన్నదమ్ములిద్దరు సుమిదా నదిలో చేపలు పడుతుంటే వలలో కన్నన్ విగ్రహం పడింది. కన్నన్ అంటే మనం అవలోకితేశ్వరుడిగా ఎరిగిన బోధిసత్త్వమే. ఊరి పెద్ద హజినొ నకతొమొ దాన్ని గుర్తుపట్టి, తన ఇంటినే గుడిగా మార్చాడు. ఆ విగ్రహం నేటికీ ఎవరికీ చూపని రహస్యమూర్తి. కాబట్టి మూలవిరాట్టు దర్శనం అవుతుందని ఆశించకండి.

చాలామంది పెద్ద ఎర్ర లాంతరు దగ్గర ఫోటో దిగి, దుకాణాల వీధిలో నడిచి, గుడి మెట్లెక్కి, గంటన్నరలో తిరిగి వెళ్లిపోతారు. దాంతో పేటలో సగం చూడకుండానే మిగిలిపోతుంది. గుడికి తూర్పున ఉన్న పాత కట్టడాలు, ఈశాన్యంలో ఉన్న చిన్న గుట్ట, పడమట ఉన్న పాత వినోదాల వీధులు, వంటసామాను అమ్మే కప్పాబాషి వీధి కూడా కలుపుకుంటేనే అసకుసా అర్థమవుతుంది. కనీసం ఒక పూట, వీలైతే ఒక రోజంతా కేటాయించండి.

ఏ వేళకు వెళ్తే మంచిది?

పొద్దున్నే. దీనికి మించిన సలహా మా దగ్గర లేదు. ప్రధాన మందిరం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఉదయం 6 గంటలకు, మిగతా నెలల్లో 6:30కి తెరుస్తారు. సాయంత్రం 5కి మూస్తారు. ఆవరణకు మాత్రం తలుపుల్లేవు, ఎప్పుడైనా నడవొచ్చు. ప్రవేశ రుసుము ఎక్కడా లేదు. ఉదయం 8 లోపు వెళ్తే పేటవాసులు నిత్యపూజకు వచ్చి వెళ్లడం కనిపిస్తుంది. 10 దాటాక జనం కమ్ముకుంటారు. మధ్యాహ్నం 11 నుంచి 3 వరకు, ముఖ్యంగా శని, ఆదివారాల్లో, గుడి ముందున్న దుకాణాల వీధి నకమిసెలో అడుగు తీసి అడుగు వేయడమే కష్టం.

రెండో మంచి వేళ చీకటి పడ్డాక. గుడి, ద్వారాలు, పగోడా రాత్రి 11 వరకు దీపాల వెలుగులో ఉంటాయి. దుకాణాలు మూసి ఉంటాయి కానీ, దించిన షట్టర్ల మీద అసకుసా పండుగలు, కాలాల బొమ్మలు గీసి ఉన్నాయి. దుకాణాలు తెరిచి ఉన్నప్పుడు అవి కనిపించవు.

స్టేషన్లలో తికమక ఎందుకు వస్తుంది?

అసకుసా పేరుతో నాలుగు స్టేషన్లు ఉన్నాయి. గింజా లైన్, తోయె అసకుసా లైన్, తోబు రైల్వే స్టేషన్లు మూడూ ఎర్ర లాంతరున్న కమినరిమోన్ ద్వారానికి దగ్గర్లోనే ఉన్నాయి. నాలుగోది, త్సుకుబా ఎక్స్‌ప్రెస్ వారి అసకుసా, పడమటి వైపు సుమారు 600 మీటర్ల దూరంలో ఉంది. మ్యాప్‌లో పేరు ఒక్కటే చూసి "అసకుసా స్టేషన్ దగ్గర కలుద్దాం" అనుకున్నవాళ్లు చెరో చోట ఎదురుచూస్తుంటారు. లైన్ పేరు కూడా చెప్పుకోండి.

గింజా లైన్‌లో దిగితే 1వ నంబరు ద్వారం, తోయె అసకుసా లైన్‌లో దిగితే ఏ4 ద్వారం నుంచి బయటికి రండి. రెండూ కమినరిమోన్‌కు రెండు, మూడు నిమిషాల నడక. ఈ రెండు లైన్లూ వేర్వేరు సంస్థలవి. ఒక దానిలోంచి మరో దానిలోకి మారాలంటే గేటు దాటి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాలి, చార్జీ కూడా విడిగా పడుతుంది.

ఉయెనో నుంచి గింజా లైన్‌లో మూడో స్టేషన్ అసకుసా. ఐదు నిమిషాల ప్రయాణం, టికెట్టు 180 యెన్లు. ఈ ఉయెనో–అసకుసా ముక్కే 1927లో మొదలైన ఆసియాలోని మొదటి భూగర్భ రైలు మార్గం.

విమానాశ్రయం నుంచి నేరుగా రావచ్చా?

నరితా, హనెదా రెండు విమానాశ్రయాల నుంచీ రావచ్చు. నరితా నుంచి కెయ్‌సెయ్ యాక్సెస్ ఎక్స్‌ప్రెస్ రైళ్లలో చాలావరకు తోయె అసకుసా లైన్‌లోకే కొనసాగుతాయి. గంట సేపు పడుతుంది. కొన్ని మాత్రం ఉయెనో వైపు మళ్లుతాయి కనుక ఎక్కేముందు బోర్డు చూసుకోండి. స్కైలైనర్ వేగంగా వెళ్తుంది కానీ ఉయెనోకు వెళ్తుంది. అక్కడ గింజా లైన్‌కు మారాలి, సీటు టికెట్టు విడిగా కొనాలి. హనెదా నుంచి కెయ్‌క్యూ రైలు అసకుసా లైన్‌లోకి నేరుగా వస్తుంది, సుమారు 35–40 నిమిషాలు. అయితే హనెదాలో యొకొహామా వైపు వెళ్లే రైళ్లూ ఉంటాయి. తొందరలో ముందొచ్చిన రైలెక్కేస్తే అటు వెళ్లిపోతారు.

రైలు చార్జీలకు వాడే వెల్కమ్ సుయికా కార్డు తీసుకుంటే డిపాజిట్ ఉండదు, 28 రోజులు చెల్లుతుంది. మిగిలిన డబ్బు తిరిగి ఇవ్వరు కాబట్టి కొద్దికొద్దిగా నింపుకోండి.

ఏ వరుసలో నడవాలి?

ఉదయం ఏడింటికి గింజా లైన్ స్టేషన్ నుంచి బయటికి వచ్చారనుకుందాం.

ముందు కమినరిమోన్. ముందు వైపు కుడిచేత వాయుదేవుడు ఫూజిన్, ఎడమచేత ఉరుముల దేవుడు రైజిన్ కొలువుంటారు. మధ్యలో వేలాడే లాంతరు ఎత్తు 3.9 మీటర్లు, బరువు 700 కిలోలు. అందరూ ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుంటారు. మీరు దాని కిందికి వెళ్లి తలెత్తి చూడండి, అడుగున చెక్కిన డ్రాగన్ కనిపిస్తుంది. ద్వారం వెనక వైపు కూడా రెండు నాగదేవతా విగ్రహాలు ఉన్నాయి. అటు తిరిగి చూసేవాళ్లు తక్కువ.

అక్కడి నుంచి నకమిసె వీధి. సుమారు 250 మీటర్ల పొడవు, దాదాపు 90 దుకాణాలు. పొద్దున మూసి ఉంటాయి, దాటి వెళ్లండి. చివర హోజోమోన్ ద్వారం. దీనికి కూడా వెనక వైపే వింత ఉంది: 4.5 మీటర్ల పొడవైన గడ్డి చెప్పుల జత. యమగతా ప్రాంతంలోని మురయామా ఊరివాళ్లు అల్లి ఇస్తారు. ఇంత పెద్ద చెప్పులు వేసుకునేవాడు గుడికి కాపలా ఉన్నాడని దుష్టశక్తులు భయపడాలని భావం.

లోపల ప్రధాన మందిరం చూసుకుని, పడమట ఐదంతస్తుల పగోడా (53 మీటర్లు) దాటి, చెట్ల మధ్య ఉన్న చిన్న రాతి వంతెన వరకు వెళ్లండి. అది 1618 నాటిది, టోక్యోలోని రాతి వంతెనల్లో అతి పాతది. తిరిగి వచ్చి, తూర్పున అసకుసా జింజా ఆలయం, నితెన్‌మోన్ ద్వారం చూసి, అక్కడి నుంచి ఈశాన్యంగా పది నిమిషాలు నడిస్తే మత్సుచియామా గుట్ట. పది గంటలకు వెనక్కి వచ్చేసరికి నకమిసె దుకాణాలు తెరుస్తూ ఉంటాయి. కొనాల్సినవి అప్పుడు కొనండి.

కమినరిమోన్‌కు ఎదురుగా రోడ్డు అవతల చెక్క పలకలతో మెట్లు మెట్లుగా ఉన్న భవనం అసకుసా పర్యాటక సమాచార కేంద్రం. కెంగో కుమా రూపొందించాడు, 2012లో తెరిచారు. తొమ్మిదింటికి తీస్తారు. మరుగుదొడ్లు, కరెన్సీ మార్పిడి ఉన్నాయి. ఎనిమిదో అంతస్తు డాబా ఉచితం. నకమిసె, గుడి, పగోడా ఒకే చూపులో కనిపించేది ఇక్కడి నుంచే.

ఇందులో నిజంగా పాతవి ఏవి? అన్నీ కొత్తగా కట్టినవే అంటారు కదా?

న్యాయమైన ప్రశ్న. 1945 మార్చి 10 తెల్లవారుజామున జరిగిన బాంబుదాడిలో ఈ పేట దాదాపు మొత్తం కాలిపోయింది. 1649లో కట్టిన ప్రధాన మందిరం, పగోడా బూడిదయ్యాయి. ఇప్పటి మందిరం 1958లో, హోజోమోన్ 1964లో, పగోడా 1973లో కాంక్రీటుతో కట్టినవి. పైకప్పు పెంకులు కూడా ఇప్పుడు టైటానియంవే. బరువు తగ్గితే భూకంపానికి తట్టుకుంటుందని మార్చారు. కమినరిమోన్ కథ వేరు. అది 1865లోనే అగ్నిప్రమాదంలో పోయింది. 95 ఏళ్లు ద్వారం లేకుండానే గడిచాక, మత్సుషితా ఎలక్ట్రిక్ స్థాపకుడు మత్సుషితా కొనొసుకె జబ్బు నయమైన కృతజ్ఞతతో 1960లో కట్టించి ఇచ్చాడు. లాంతరు అడుగు పట్టీ మీద ఆ సంస్థ పేరు ఉంది.

మంటలను తట్టుకుని నిలిచినవి తూర్పు అంచున ఉన్నాయి. నితెన్‌మోన్ ద్వారం 1618 నాటిది. అసకుసా జింజా 1649లో షోగన్ (సైనిక పాలకుడు) తొకుగవా ఇయెమిత్సు కట్టించి ఇచ్చినది. పురాణంలోని ఆ అన్నదమ్ములిద్దరూ, హజినొ నకతొమొ ఇక్కడ దేవతలుగా పూజలందుకుంటున్నారు. ఆవరణలోని గింకో చెట్టు మాను మీద 1945 నాటి కాలిన గుర్తు ఇంకా ఉంది. ఎర్ర రంగు కొత్తగా మెరుస్తోందని పెదవి విరిచే ముందు ఆ చెట్టు దగ్గర ఒక నిమిషం ఆగండి. సర్వం కాలిపోయిన చోట జనం చందాలు వేసుకుని మళ్లీ నిలబెట్టుకున్న గుడి ఇది. ఆ వయసుకు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి.

గుడిలో ఎలా మసలుకోవాలి? చెప్పులు విడవాలా?

ప్రధాన మందిరం ముందు భాగంలోకి బూట్లతోనే వెళ్తారు. మనకు కాలు ఆడదు కానీ అక్కడి పద్ధతి అదే. లోపల చాపలు పరిచిన భాగంలో కూర్చోవాలంటే మాత్రం విడిచి వెళ్లాలి.

మందిరం ముందు పెద్ద ధూపపాత్ర ఉంటుంది. అగరొత్తుల కట్ట కొని వెలిగించి అందులో గుచ్చుతారు. పొగను చేతులతో ఒంటి మీదికి, నొప్పి ఉన్న చోటికి తోసుకుంటారు. తర్వాత హుండీలో నాణెం వేసి, చేతులు జోడించి, తల వంచి దణ్ణం పెట్టుకోవాలి. చప్పట్లు కొట్టకూడదు.

పక్కనే ఉన్న అసకుసా జింజా జపాను దేశీయ మతమైన షింతో ఆలయం. అక్కడ పద్ధతి వేరు: రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, దణ్ణం పెట్టుకుని, మరోసారి వంగాలి. రెండూ ఆనుకునే ఉండటంతో చాలామంది ఒకచోట చేయాల్సింది ఇంకోచోట చేస్తారు. తేడా చెప్పడానికి తేలిక గుర్తు, ముందు తొరీ అనే, రెండు స్తంభాల మీద అడ్డదూలాలున్న ద్వారం ఉంటే అది షింతో ఆలయం.

జాతకం చీటీ ఎలా తీయాలి? చెడు వస్తే?

దీన్ని ఒమికుజి అంటారు. 100 యెన్ల నాణెం పెట్టెలో వేయండి. లోహపు డబ్బాను బాగా ఊపి, తలకిందులు చేస్తే చిన్న రంధ్రంలోంచి ఒక పుల్ల బయటికొస్తుంది. దాని మీద జపాను లిపిలో అంకె ఉంటుంది. అదే అంకె ఉన్న సొరుగు వెతికి, ఒకే ఒక్క కాగితం తీసుకుని, సొరుగు మూసి, పుల్లను తిరిగి డబ్బాలో వేయాలి. లిపి తెలియకపోతే పుల్లను సొరుగు పక్కన పెట్టి ఆకారం పోల్చుకోండి. కాగితం మీద ఆంగ్లంలోనూ ఉంటుంది.

సెన్సోజిలో చెడు చీటీలు ఎక్కువని పేరు. నూటికి ముప్పై దాకా "క్యో", అంటే అశుభమే. మిగతా చోట్ల మాదిరి తగ్గించకుండా పాత లెక్కనే పాటిస్తున్నారు. అశుభం వస్తే దిగులు పడక్కర్లేదు, అక్కడున్న కమ్మీలకు కట్టి వచ్చేయండి. మంచిది వస్తే వెంట తెచ్చుకోవచ్చు. చెట్లకు మాత్రం కట్టకండి.

ఇక్కడ వినాయకుడి గుడి ఉందని విన్నాం, నిజమేనా?

నిజమే. తెలుగువాళ్లు తప్పక చూడాల్సిన చోటు ఇది, చాలామంది వదిలేసేదీ ఇదే. మత్సుచియామా షోదెన్ అనే ఈ గుడి సెన్సోజికి అనుబంధ ఆలయం. నది పక్కన పది మీటర్ల ఎత్తున్న చిన్న గుట్ట మీద ఉంటుంది. ఇక్కడి దైవం కంగితెన్, షోతెన్ అని కూడా అంటారు. మన గణపతే బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాను చేరి పొందిన రూపం. ఏనుగు తల దేవతలు ఇద్దరు ఒకరినొకరు కౌగిలించుకున్నట్టు చెక్కుతారు. ఆ విగ్రహాన్ని ఎవరికీ చూపరు. అందుకే గుడంతా తిరిగినా తొండం కనిపించదు. కనిపించేవి ముల్లంగులు, డబ్బు సంచులు. దీపస్తంభాల మీద, మెట్ల పక్కన, గోడల మీద అవే గుర్తులు. ముల్లంగి ఆరోగ్యానికి, దాంపత్య సఖ్యతకు, సంచి వ్యాపారాభివృద్ధికి.

నైవేద్యం కూడా ముల్లంగే. గుడిలోనే అమ్ముతారు. కొని సమర్పించి దణ్ణం పెట్టుకోండి. నివేదించిన ముల్లంగులను భక్తులకు ప్రసాదంగా పంచడం ఇక్కడి ఆచారం. జనవరి 7న ముల్లంగి పండుగ చేస్తారు. కొబ్బరికాయ కొట్టడం, కర్పూరం వెలిగించడం ఇక్కడి పద్ధతి కాదు. సాయంత్రం చీకటి పడకముందే మూసేస్తారు కాబట్టి పొద్దున వెళ్లడమే మేలు. పెద్దవాళ్ల కోసం కింది నుంచి పైకి చిన్న పట్టాల బండి ఉచితంగా నడుస్తుంది.

సరస్వతి కూడా ఇక్కడ ఉంది. హోజోమోన్‌కు ఆగ్నేయంగా చిన్న దిబ్బ మీద ఉన్న బెంతెన్ మందిరం ఆమెదే. జపానులో ఆమె పేరు బెంజైతెన్. ఆ దిబ్బ మీది గంట 1692లో పోతపోసింది. రోజూ ఉదయం ఆరింటికి మోగుతుంది.

శాకాహారులకు ఏం దొరుకుతుంది?

మాంసం ముక్కలు కనబడకపోవడం శాకాహారానికి గుర్తు కాదు. ఇక్కడ చిక్కు దాషితో వస్తుంది. ఎండబెట్టిన చేపతో కాచిన ఈ రసం సోబా, ఉదాన్ నూడుల్స్ పులుసుల్లో, మిసో సూప్‌లో, కూరగాయల తెంపురాతో ఇచ్చే పులుసులో ఉంటుంది. "కూరగాయల సోబా" అని రాసి ఉన్నా పులుసు చేపదే. కాబట్టి "వెజిటేరియన్" అని అడిగి ఊరుకోకుండా, "నికు తొ సకనా వ తబెమసెన్, దాషి మొ దమె దెస్" (మాంసం, చేప తినను, దాషి కూడా వద్దు) అని చెప్పండి. గొడ్డుమాంసం గ్యూనికు. మద్యం, తిండి దుకాణాలుండే హోప్పీ వీధిలో పొయ్యిల మీద ఉడుకుతూ కనిపించే నికోమి కూరను చాలాచోట్ల దానితోనే చేస్తారు, గమనించుకోండి.

చిరుతిళ్ల సంగతి నయం. ఇమొ యోకన్ చిలగడదుంప, చక్కెర, ఉప్పు తప్ప మరేమీ లేని ముక్క. 1902లో మొదలైన ఫునవా దుకాణం దీనికి పెట్టింది పేరు. కిబిదంగో అంటే చిరుధాన్యం పిండి ఉండలకు సోయా పొడి అద్దిన పుల్లలు. కమినరి ఒకొషి మన మరమరాల అచ్చులాంటిది, వేరుశనగ పప్పులు కలిపి ఉంటాయి. అగె మంజు అంటే తీపి పప్పు ముద్ద పెట్టి నూనెలో వేయించిన బూరె, పిండిలో ఏం కలిపారో అడగండి. నింగ్యో యాకి, మెలన్ పాన్‌లలో గుడ్డు ఉంటుంది. సెంబెయ్ అప్పడాల్లో రొయ్య రకాలూ ఉంటాయి.

కడుపునిండా భోజనం కావాలంటే అసకుసా, ఉయెనోల్లో భారతీయ హోటళ్లు ఉన్నాయి. అచ్చంగా మన రుచి, మన సరుకులు కావాలంటే భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయ్ వెళ్లాలి. గింజా లైన్‌లో నిహొంబాషి దాకా వెళ్లి తొజాయ్ లైన్ మారండి.

నకమిసెలో తింటూ నడవొచ్చా?

కూడదు. కొన్న దుకాణం ముందే నిలబడి తిని, చెత్త వాళ్లకే ఇవ్వండి. వీధిలో చెత్తబుట్టలు ఉండవు. కిక్కిరిసిన దారిలో సాసులు, నూనె పక్కవాళ్ల కిమోనోలకు అంటుకుంటాయని ఈ నియమం. చిన్న దుకాణాల్లో నగదే సుఖం, 100 యెన్ల నాణేలు దగ్గర ఉంచుకోండి.

కిమోనో అద్దెకు తీసుకుంటే?

ఎడమ అంచు పైకి, కుడి అంచు లోపలికి ఉండాలి. తిరగేసి కట్టేది శవానికి. దుకాణంవాళ్లు సరిగానే కడతారు. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక మనం సర్దుకునేటప్పుడే తప్పు జరుగుతుంది. తిరిగి అప్పగించే వేళ ముందే అడగండి, చాలా దుకాణాలు సాయంత్రమే మూసేస్తాయి. కొత్త చెప్పులు అలవాటు లేని కాళ్లను కోస్తాయి, మత్సుచియామా దాకా నడక కిమోనో కట్టుకోకముందే ముగించండి.

ఎప్పుడు పండుగలు ఉంటాయి?

మే మూడో వారాంతంలో సంజా మత్సురి. శనివారం పేటల పల్లకీలు వందకు పైగా, ఆదివారం జింజా వారి మూడు ప్రధాన పల్లకీలు ఊరేగుతాయి. పల్లకీ దూరడానికి కమినరిమోన్ లాంతరును పైకి మడిచేస్తారు. లాంతరు ఫోటో కోసమే వచ్చేవాళ్లు ఆ రోజులు మానుకోండి. జులై 9, 10 తేదీల్లో హోజుకి మొక్కల సంత. 10న దర్శించుకుంటే 46,000 రోజులు వచ్చిన పుణ్యమని నమ్మకం. జులై చివరి శనివారం సుమిదా నది బాణసంచా, ఆ సాయంత్రం స్టేషన్లలో విపరీతమైన రద్దీ. డిసెంబరు 17–19 హగొయితా (అలంకరించిన చెక్క బ్యాట్ల) సంత.

పడమటి వైపు ఏముంది?

ఒకప్పుడు టోక్యో వినోదమంతా ఇక్కడి రొక్కు వీధుల్లోనే. 1890లో కట్టిన పన్నెండంతస్తుల ర్యోఉన్‌కకు గోపురం 1923 భూకంపంలో విరిగిపోయింది. జపానులో మొదటి స్థిర సినిమా హాలు దెంకికన్ 1903లో తెరిచింది ఇక్కడే. 1853లో పూలతోటగా మొదలైన హనయషికి ఇప్పటికీ పిల్లల ఆటల తోటగా నడుస్తోంది. వాన పడితే పైకప్పు ఉన్న షిన్ నకమిసెలోకి వెళ్లండి.

ఇంకో పది, పదిహేను నిమిషాలు పడమటికి నడిస్తే కప్పాబాషి. 800 మీటర్ల వీధంతా హోటళ్లకు వంటసామాను అమ్మే దుకాణాలే. కత్తులు, పింగాణీ, హోటళ్ల అద్దాల్లో పెట్టే ప్లాస్టిక్ వంటకాలు దొరుకుతాయి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, వారపు రోజుల్లో వెళ్లండి. కత్తి కొంటే విమానంలో చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. పన్ను మినహాయింపుకు పాస్‌పోర్టు అసలు ప్రతి చూపాలి, ఫోన్‌లో ఫోటో చెల్లదు.

స్కైట్రీ టవర్‌కు ఎలా వెళ్లాలి?

తోబు రైలులో ఒక స్టేషన్. నడిచినా ఇరవై నిమిషాలే. రైలు వంతెన పక్కనే 2020లో వేసిన సుమిదా రివర్ వాక్ కాలిబాట మీదుగా నది దాటండి. రాత్రి 10కి దాన్ని మూస్తారు.

పెద్దవాళ్లు, సామానుతో వస్తే?

నకమిసె నేల చదును, చక్రాల కుర్చీ సులభంగా నడుస్తుంది. ప్రధాన మందిరం మెట్లు ఎక్కలేనివారికి పక్కన లిఫ్ట్ ఉంది. స్టేషన్లలో లిఫ్ట్ ఉన్న ద్వారం పైన చెప్పిన ద్వారాలకు వేరుగా ఉండొచ్చు, దిగగానే లిఫ్ట్ గుర్తు చూసి నడవండి. పెద్ద సూట్‌కేసులు పట్టే లాకర్లు కొద్దే, ఉదయం పదింటికల్లా నిండిపోతాయి. హోటల్‌లో గది ఇచ్చే వేళ కాకపోయినా సామాను ఉంచుకోమంటే చాలాచోట్ల ఉంచుకుంటారు. ముందు అక్కడ అడగండి.